ఒప్పుకున్న మాట

"జరిమానా కట్టేసి పోక, ఎన్నాళ్లు తిరుగుతావురా తాగుబోతూ?" కోర్టు వరండాలో ముక్కు తుడుచుకుంటూ అన్నాడు కానిస్టేబుల్.

స్కూలు బస్సు డ్రైవరు తన కేసు కాగితాలు సర్దుకున్నాడు. తాగి నడిపాడని తేలితే లైసెన్సు పోతుంది, దాంతోపాటు ఉద్యోగమూ పోతుంది. అందుకే నేరం ఒప్పుకోమన్న లాయరును వదిలేసి, ప్రతి వాయిదాకూ తనే వచ్చాడు. సాక్ష్యం చెప్పాల్సిన కానిస్టేబుల్ రావడం మాత్రం ఇదే మొదటిసారి.

బోనెక్కిన కానిస్టేబుల్ గొంతు సవరించుకున్నాడు. "ఊదించే మిషన్ ఆ రోజు పనిచెయ్యలేదండి. అయినా దాంతో పనేముంది? 'మందు వేసుకున్నావా' అనడిగితే, 'వేసుకున్నాను సార్' అని వీడే తన నోటితో ఒప్పుకున్నాడు."

ఆ మాట పూర్తిచేసి గట్టిగా తుమ్మాడు.

ఏమైనా అడుగుతావా అన్నారు జడ్జి. డ్రైవరు లేచి నిలబడ్డాడు.

"జలుబు బాగా పట్టినట్టుంది. మందు వేసుకున్నారా సార్?"

"పొద్దున్నే వేసుకున్నా. నీకెందుకు?"

డ్రైవరు జడ్జి వైపు తిరిగాడు.

"ఈ మాట కూడా రాయించండయ్యా. ఆ రోజు నాకు దగ్గు."