ఉప్పులేని మర్యాద

కాకినాడలో ప్రతి వంటింటి గోడలోకీ గోడమ్మ అనే మాట్లాడే యంత్రం వచ్చాక మొగుడూ పెళ్లాల అరుపులు ఆగిపోయాయి. ఎవరు గొంతు పెంచినా గోడలోంచి మెత్తగా అడిగేది: "మీకేం కావాలి? ఇలా చేస్తే అది దొరుకుతుందా?"

సత్యవేణి మొగుడు కోటిలింగం దానికి శిష్యుడైపోయాడు. ఆవిడ పప్పులో ఉప్పు మానేసినా, "నీ ఎంపికను గౌరవిస్తున్నాను" అంటూ తినేసి లేచిపోయేవాడు. ఇల్లు లాడ్జిలా తయారైంది.

చివరికి ఆవిడ గోడతోనే మొరపెట్టుకుంది. "నాకు ఈయనతో పోట్లాట కావాలమ్మా."

"దానికోసం ఏం చేస్తున్నారు?"

"పప్పులో ఉప్పెయ్యడం మానేశాను."

"పనిచేసిందా?"

"లేదు."

"అయితే ఇంకోటి ఎంచుకోండి."

సత్యవేణి తిన్నగా ముందుగదిలోకి వెళ్లింది. "ఏవండీ, మీ అక్క పులస పులుసు కంటే హోటలు పులుసే నయం."

"నీ ఎంపికను..." అంటూ ఆగిపోయాడు కోటిలింగం. చెవులు ఎర్రబడ్డాయి. "మా అక్క వంటకి వంకపెట్టేదానివా నువ్వు? ముందు నీ వంట చూసుకో."

పోట్లాడుకుంటూనే భోజనానికి కూర్చున్నారు. మొదటి ముద్దకే అతను కంచం తోసేశాడు.

"మీకేం కావాలి?" అంది గోడమ్మ.

"ఉప్పు" అని అరిచాడు కోటిలింగం.

సత్యవేణికి కడుపు నిండిపోయింది.