చుక్క చేసిన ద్రోహం

చుక్క పల్లంరాజుని నలుగురి ముందూ నట్టేట ముంచింది.

రావులపాలెం అరటి మార్కెట్ వెనక ఖాళీ స్థలంలో బ్యాండుమేళం బంగార్రాజు తాటాకు టపాకాయల దండ అంటించాడో లేదో, వీపు మీదున్న పల్లంరాజుని విసిరికొట్టి, గెలల లారీల మధ్యలోంచి పరుగు లంకించుకుంది. కూలీలు పని ఆపి మరీ నవ్వారు.

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద పరిగెత్తుతుందంటే ఇదేనేమోనండీ!" అన్నాడు బంగార్రాజు.

పెళ్ళిళ్ళ ముందు ఏటా అతను పెట్టే పరీక్ష అది. టపాకాయలు పేలుతున్నా కదలకుండా నిలబడ్డ గుర్రానికే ఆ ఏడాది ఊరేగింపులన్నీ. పూలు కట్టిన కారు పాతబడిపోయి, పెళ్ళికొడుకులందరూ గుర్రమే కావాలంటున్న రోజులు. పల్లంరాజు వలలూ పడవా తమ్ముడికి వదిలేసి చుక్కని కొన్నదీ అందుకే. ఈ పరీక్ష తప్పితే ఇక దాన్ని అమ్ముకోవడమే.

చంద్రరావు గారి హంస మాత్రం... అబ్బ, గుర్రమంటే అదీ! తెల్లటి ఒళ్ళు, నీలి కళ్ళు. అంత పొగలోనూ చెవైనా కదపలేదు.

"ఇంకో దండ కాల్చవయ్యా," అన్నాడు చంద్రరావు మీసం దువ్వుకుంటూ.

కాల్చారు. హంస తోకతో ఈగని తోలుకుంది. ఊరేగింపులన్నీ దానికే ఖాయమైపోయాయి.

పల్లంరాజుకి చీరుకుపోయిన మోచేతికన్నా గుండె ఎక్కువ మండింది. కన్నబిడ్డలా సాకాడు దాన్ని. తాను తిన్నా తినకపోయినా దానికి బెల్లం ముక్క పెట్టాడు. విశ్వాసం లేని జంతువు!

అసలు కథ కిందటేడే మొదలైంది. కొత్తపేట ఊరేగింపులో టపాకాయకి బెదిరి చుక్క పెళ్ళికొడుకుని కింద పడేసింది. అప్పట్నుంచీ గుర్రానికీ ధైర్యం పోయింది, ఎక్కేవాడికీ పోయింది. దాని మీద కూర్చుంటే పల్లంరాజుకి చేతులు వణికేవి. దారి తోచక చంద్రరావు కాళ్ళ మీద పడ్డాడు.

"మా హంస మటుకు పుట్టుకతోనే ఇలా ఉందనుకున్నావా?" అన్నాడాయన. "సీమటపాకాయ పేలితే చాలు, తడిక విరగ్గొట్టుకుని పారిపోయేది. నేను చేసిన అలవాటు వల్ల దారికొచ్చింది."

"ఆ అలవాటేదో నాకూ నేర్పండి గురువుగారూ. మిమ్మల్నే నమ్ముకున్నానండి."

"నేర్పుతాను. ముందు నీ నోరు కట్టేసుకో. గుర్రంతో కబుర్లేంటయ్యా, మేనత్తతో చెప్పినట్టు? భయపడేవాడే వాగుతాడు. చేత్తో మెడ తట్టు, మోకాలితో నొక్కు. నోటంట ఒక్క ముక్క రాకూడదు."

నిజమే, పల్లంరాజు వాగుడుకాయ. జీను మీద కూర్చుంటే చాలు, "ఏం లేదమ్మా, వట్టి చప్పుడే, నేనున్నాగా మా తల్లీ" అంటూ ఊరు దాటేదాకా చెబుతూనే ఉండేవాడు. చుక్క చెవులు వెనక్కి తిప్పి వింటూ నడిచేది. గురువుగారి మాట మీద ఆ కబుర్లన్నీ మానేశాడు. వేసవంతా లంకలో ఇసుక మీద నోరు మెదపకుండా స్వారీ చేశాడు. చుక్క మాటిమాటికీ మెడ తిప్పి అతని మొహంలోకి చూసేది. చంద్రరావు పక్కన నిలబడి రేకు డబ్బా మోగించేవాడు. అది ఉలిక్కిపడేది.

"బెదిరింది గుర్రం కాదు, నువ్వు," అనేవాడాయన. "నీ భయం కళ్ళెంలోంచి దానికి పాకుతోంది."

పల్లంరాజు తన చేతుల్ని తానే తిట్టుకునేవాడు. భయం పోవాలని కోరుకొండ మెట్లెక్కి నరసింహస్వామికి మొక్కుకున్నాడు కూడా.

"మీ గొంతు వినక బెంగెట్టుకుందండీ అది," అంది భార్య వీరవేణి ఒకరోజు.

"గురువుగారి కంటే నీకెక్కువ తెలుసేంటే?" అని కసిరాడు.

అంత కష్టపడితే చివరికి చుక్క చేసిన నిర్వాకం ఇదీ.

"నీ లోపం సగం, దాని జాతిబుద్ధి సగం," అని తేల్చేశాడు చంద్రరావు. "నేర్పిన నన్నూ నవ్వులపాలు చేసింది. యానాంలో ఇసుక బండికి కట్టుకునేవాడున్నాడు, తోలెయ్."

మర్నాడు పొద్దున్నే లారీ వచ్చింది. చుక్క ఎక్కనని మొరాయించింది. గుమ్మంలో నిలబడ్డ పల్లంరాజుకి ఒళ్ళు మండిపోయింది.

"పోవే ద్రోహీ! నీ మొహం నాకు చూపించకు!"

ఇన్ని నెలల్లో అతను దానితో అన్న మొదటి మాట అది. ఆ గొంతు వినగానే చుక్క పెనుగులాట ఆపేసింది. చెవులు అతని వైపు తిప్పి, బుద్ధిగా బల్ల మీద నడిచి లారీ ఎక్కింది.

సాయంత్రం, గురువుగారి దగ్గర తెచ్చుకున్న కళ్ళెం తిరిగిచ్చేద్దామని వెళ్ళాడు పల్లంరాజు. ఆయన ఇంట్లో లేడు. భార్య సూర్యకళ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. హంస అటు తిరిగి గడ్డి నములుతోంది. ఇక మౌనవ్రతంతో పనేముంది? మంచి గుర్రాన్ని ఒక్కసారి నోరారా పలకరిద్దామనిపించింది.

"హంసా! ఇటు చూడమ్మా, హంసా!"

చప్పట్లు కొట్టాడు. అది తల కూడా తిప్పలేదు.

"చూశారా అమ్మా, నా గుర్రమూ నన్ను మోసం చేసింది, మీ గుర్రానికీ నేనంటే లోకువే," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

సూర్యకళ చేటలోంచి తలెత్తి జాలిగా చూసింది.

"అయ్యో, నువ్వంటే లోకువేంటి పల్లంరాజూ, ఆయన నీకు చెప్పలేదా, దానికి పుట్టు చెవుడు కదా!"