రాజు పలకని రేవు

"ఓ రాజా, ఉన్నావా?"

రమణయ్య పడవ మీద చెయ్యేసి మూడోసారి కేకేశాడు. ఎన్నడో సముద్రంలోకి వెళ్లిపోయి ఇంకా అక్కడే ఉన్నాడని ఊరు నమ్మే వీరరాజుకు బదులుగా ఒడ్డున పెద్దవాడు "ఉన్నా" అంటేనే ఆ రేవులో పడవ కదిలేది. ముసలి మునెయ్య నోరు విప్పలేదు.

"పలకవేం తాతా?" అన్నాడు ఆ రాజు కథను మద్రాసు పత్రికకు నవలగా రాసిన రంగనాయకులు మాస్టారు.

"నిన్న మీరే గదా అయ్యోరా చదివి వినిపించినారు, రాజు మునిగి చచ్చినాడని? చచ్చినోడి బదులు నేనెట్టా పలికేది?"

"ఈ కాలపు నవల తాతా! రాజైనా మనిషే, చావాలి."

రాజును చంపి తానే రారాజైనట్టు నవ్వాడు మాస్టారు. ఇంకెవరూ నవ్వలేదు. తూర్పున మబ్బు నల్లబడుతోంది.

"మూడు దినాలుగా ఇంట్లో పొయ్యి రాజలేదు. పలక్కపోయినా పోతా," అంటూ రమణయ్య పడవను నీళ్లలోకి తోశాడు.

బదులు లేకుండా ఆ రేవు దాటబోతున్న మొదటి పడవ అదే. అతని పెళ్లాం పేరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మాస్టారు పరుగెత్తి నడుము లోతు నీళ్లలో పడవ మోకు పట్టుకున్నాడు.

"ఆగు నాయనా! సాయంత్రానికల్లా రాజును బతికించి రాసుకొస్తా!"

"కథే గదా అయ్యోరా, వదలండి," అన్నాడు రమణయ్య.

మాస్టారు మోకు వదల్లేదు.