వెచ్చని మూల

"ముందు ఆ స్విచ్ ఆపండి!" గుమ్మంలో అడుగు పెడుతూనే అరిచాడు క్లెమ్ పెన్‌గెల్లీ.

టీ కప్పుతో ఎదురొచ్చిన బెర్నీస్ బిత్తరపోయింది. ఆమె తేరుకునేలోపే అతను హాల్లోకి వెళ్లి స్విచ్ ఆపేశాడు. పాత బట్టల బీరువాకి గాజు తలుపు బిగించి చేసిన పాము పెట్టె అది. లోపల బల్బు ఆరిపోయింది.

"ఏమైందండీ?"

"కాలిన చెక్క వాసన రావట్లేదూ?" తలుపు తీసి పైకి చూపించాడు. బల్బు పైన అరచేతి వెడల్పున చెక్క నల్లగా మాడి ఉంది. "ఇంకో వారం ఆగి ఉంటే ఫోన్ నాకు కాదు, ఫైరింజను వాళ్లకి చేసేవారు."

క్లెమ్ నలభై ఏళ్లు కరెంటు పని చేసి రిటైరైనవాడు. ఆస్ట్రేలియాలో జూలై అంటే నడి చలికాలం; ఆ చలికి బాలరాట్‌ ఊళ్లో ఎవరి పెంపుడు పాము ముడుచుకుపోయినా కబురు అతనికే వస్తుంది.

పెట్టె మూలన ఆరడుగుల కొండచిలువ చుట్ట చుట్టుకుని ఉంది. విషం లేని జాతి. కదలిక అంతంతమాత్రం.

"దాన్ని తీసి ఈ సంచిలో వెయ్యండి. నేను పని మొదలుపెడతాను."

"నేనా?" బెర్నీస్ ముఖం పాలిపోయింది.

"పాము మీదేగా!"

ఆమె వంటింట్లోకి వెళ్లి, వేడి పళ్లాలు దించే మందపాటి గ్లౌజులు తొడుక్కుని వచ్చింది. కళ్లు సగం మూసుకుని, "ఏమీ అనుకోకు తల్లీ, ఏమీ అనుకోకు" అని గొణుగుతూ పాముని ఎత్తి సంచిలో దించింది. మూతి కట్టాక కుర్చీలో కూలబడింది. అంత చలిలోనూ నుదుట చెమట.

క్లెమ్‌కి నవ్వాగలేదు. "కేకు దించినట్టు పాముని దించేవాళ్లని మిమ్మల్నే చూశాను. భయమా?"

"చచ్చేంత."

"మరి ఈ తలనొప్పెందుకు? హాయిగా ఓ పిల్లిని తెచ్చుకోలేకపోయారా?"

"పిల్లి వద్దు. ఇది చలికి చచ్చిపోకూడదు క్లెమ్. ఏం చెయ్యాలో చెప్పండి, రాసుకుంటాను."

నిజంగానే నోటుపుస్తకం తెచ్చుకుంది. అతను మాడిన చెక్క గీకేసి, పని చేస్తూ చెప్పుకుపోయాడు.

"ఇది పింగాణీ బల్బు. వెలుగుండదు, వేడే. చెక్కకి తగలకుండా మధ్యలో ఈ రేకు, కాస్త ఖాళీ. చుట్టూ ఈ ఇనుప జాలీ. లేకపోతే వెచ్చగా ఉందని పాము బల్బునే చుట్టుకుని ఒళ్లు కాల్చుకుంటుంది. ఈ థర్మోస్టాట్ లేకుండా ఎప్పుడూ వెయ్యొద్దు. వేడి హద్దు దాటితే అదే ఆపేస్తుంది."

"పెట్టె అంతా వెచ్చగా ఉండాలా?"

"ఒక్క మూలే. రెండో పక్క చల్లగా వదిలెయ్యండి. ఎక్కడుండాలో దానికి తెలుసు."

రాస్తూ వంగినప్పుడు ఆమె ఉన్ని టోపీ జారింది. తల మీద పసిపిల్లలకిలా జుట్టు అప్పుడప్పుడే మొలుస్తోంది. క్లెమ్ చూపు తిప్పుకున్నాడు.

"ఫర్వాలేదు, చూడండి. రక్తంలో జబ్బు. ఏడాదిన్నర మందులు వాడాను. ఇప్పుడు లేదంటున్నారు."

"ముందే కనిపెట్టారా?"

"కనిపెట్టేదేముంది! రాయిలా ఉన్నాననుకుని తిరిగేదాన్ని. వేరే దానికని వెళితే రక్తం తీశారు, అందులో బయటపడింది. ఇంకో రెండు నెలలైతే చేతులెత్తేసేవాళ్లమన్నాడు డాక్టరు."

క్లెమ్ స్క్రూ తిప్పడం ఆపాడు. "మా ఆవిడకి ఎవరూ అలా రక్తం తీయలేదు," అన్నాడు మెల్లగా.

బెర్నీస్ లేచి అతనికి వేడి టీ పోసి, ఓ కేకు ముక్కతో తెచ్చి ఇచ్చింది.

మధ్యాహ్నానికి పని పూర్తయింది. బెర్నీస్ సంచి మూతి విప్పి పాముని పెట్టెలో వదిలింది. థర్మోస్టాట్ ముప్పై రెండు డిగ్రీల దగ్గర నిలబడింది. క్లెమ్ ఆమె చెయ్యి పట్టుకుని పెట్టె పైన ఆనించాడు. చెక్క చల్లగా ఉంది. లోపల పాము నాలుక ఆడిస్తూ మెల్లగా చుట్ట విప్పుకుని, వెచ్చని మూలకి జరిగి ఒళ్లు చాపింది.

"మీ రుణం ఎలా తీర్చుకోను?" అంది బెర్నీస్.

"ఆ కేకు ఇంకో ముక్క పెట్టండి చాలు." నములుతూ అతను పెట్టెకి అంటించిన కాగితం చదివాడు. దిక్కులేని జంతువుల్ని ఉంచే షెల్టర్ వాళ్లు ఇచ్చింది అది. 'యజమాని తెలియదు. పాత బట్టల దుకాణంలో, ఎవరో ఇచ్చిన మూటలో దొరికింది. మూట విప్పిన మనిషిని కరిచింది. రెండేళ్లుగా ఎవరూ తీసుకోలేదు.'

"ఓరి దేవుడా! బెర్నీస్, ఆ షెల్టర్లో చేతుల్లో ఆడుకునే పాములు నాలుగైదున్నాయి. ఈ పొగరుబోతునెవరు అంటగట్టారు మీకు?"

"వాళ్లు వద్దనే అన్నారు. నేనే పట్టుబట్టాను. దీనికోసమే లైసెన్సు కూడా తీసుకున్నాను."

"చదివే తెచ్చుకున్నారా? కరుస్తుందని రాసి ఉందే!"

బెర్నీస్ వట్టి చెయ్యి గాజు మీద పెట్టింది.

"రక్తం తీసిన ఆ రోజు నేను ఆసుపత్రికి వెళ్లింది ఇది కరిచినందుకే."