అప్పన్న సొమ్ము

“నూనె మానీండి పిన్నీ. జిడ్డు తల మీద క్రీము పట్టదు,” అంది జ్యోతిర్మయి, కనకమహాలక్ష్మి జడ విప్పుతూ.

యాభై రెండేళ్ళొచ్చాక కనకమహాలక్ష్మి బ్యూటీ పార్లర్ కుర్చీ ఎక్కడం అదే మొదటిసారి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆవిడ జడకి పెద్ద పేరు. కానీ రెండేళ్ళుగా ఆ జడ ఆవిడది కాదు, సింహాచలం అప్పన్నది. తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది. మూడు కత్తెర్లతో సరిపెట్టే మనిషి కాదు, మొత్తం ఇస్తానంది.

ఎందుకు మొక్కిందో ఎవరికీ చెప్పలేదు. తీరేదాకా మొక్కు కారణం బయటపెట్టకూడదని వాళ్ళ ఇంటి పట్టింపు. చెప్పకపోతే మాత్రం కాలనీకి తెలీదా? అదే ఏడు ఆవిడ భర్త సూర్యానికి గుండెలో స్టెంటు వేశారు. “నా పెళ్ళాం జుట్టు అడ్డేసి నన్ను బతికించుకుందిరా,” అని ఆయన లోకో షెడ్‌లో అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఏప్రిల్‌లో ప్రయాణం. పాసు వచ్చింది, విశాఖ బండికి రిజర్వేషనూ అయింది. సరిగ్గా అప్పుడే దువ్వెనకి నాలుగు వెంట్రుకలు ఎక్కువ రావడం మొదలైంది. దేవుడి సొమ్ము తన చేతిలో రాలిపోతుంటే ఆవిడకి అన్నం సహించలేదు. ఊళ్ళో పార్లర్లు చాలా ఉన్నాయి. కానీ మన తెలుగోళ్ళ పిల్ల మనల్ని మోసం చెయ్యదని కాలనీ ఆడవాళ్ళ నమ్మకం. అందుకే జ్యోతిర్మయి దగ్గరికి వచ్చింది.

“రాలడం ఆగుద్దామ్మా?”

“నాది పూచీ! బస్, నాలుగు సిట్టింగులు. జుట్టు పట్టులాగ అయిపోద్ది. అప్పన్నకే ముచ్చటేస్తాది. నేనుండగా మీకు భయమేటి? ఆ ఏడు బాబాయికి గుండె, మా పాప మైత్రికి మెదడువాపు. మీ ఇంట్లో అంత కష్టం పెట్టుకుని కూడా మాకు ఆస్పత్రికి క్యారియర్ తెచ్చారు. మర్చిపోతానేటి పిన్నీ?”

ఆ మాటకి కనకమహాలక్ష్మికి కళ్ళు చెమర్చాయి. తల అప్పగించేసింది.

క్రీము పెట్టి, వేడి ఇస్త్రీ చేసి, నిగనిగలాడే జుట్టుని జ్యోతిర్మయి ఫోన్లో వీడియో తీసుకుంది. అది చూసి నెహ్రూ నగర్ నుంచి కూడా కస్టమర్లు వచ్చారు.

రెండో సిట్టింగ్‌లో మాడు మండింది. “మండితేనే పని చేస్తన్నట్టు,” అంది. మూడోసారి పొక్కింది. “పాత చర్మం ఊడతంది,” అంది. నాలుగోసారికి జుట్టు గుప్పెళ్ళతో వచ్చింది. “అచ్ఛా, అదే కదా కావాలి! పాతది పోతేనే కొత్తది వస్తాది. డాక్టర్ల దగ్గరికి మాత్రం ఎల్లకండి, లేనిపోని మందులు రాస్తారు.”

మార్చిలో సూర్యం బలవంతాన డాక్టరుకి చూపించాడు. ఘాటు మందుకి కుదుళ్ళు కాలిపోయాయని, కొన్నిచోట్ల ఇక జుట్టు రాదని డాక్టరు చెప్పాడు.

కనకమహాలక్ష్మి తిన్నగా పార్లర్‌కి వెళ్ళింది. నలుగురు కస్టమర్ల ముందు నెత్తి మీద చెంగు తీసింది. అక్కడో కుచ్చు, ఇక్కడో కుచ్చు. మిగతాదంతా ఎర్రటి మాడు.

“మీ క్వార్టర్ నీళ్ళు మంచివి కావు పిన్నీ,” అంది జ్యోతిర్మయి మొహం చూడకుండా.

“ముప్పై ఏళ్ళ నుంచి అవే నీళ్ళు కదమ్మా. ఒక్క మాట చెప్పు. ఈ క్రీము మీ మైత్రికి రాస్తావా?”

“ఛీ! చిన్నపిల్ల, దానికి ఇలాటివి రాస్తారేటి!”

అనేశాక నాలిక్కరుచుకుంది. కనకమహాలక్ష్మికి ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. తెలియక చేసుంటే క్షమించేది. తెలిసే చేసింది. పిన్నీ, పిన్నీ అంటూనే తడిగుడ్డతో గొంతు కోసింది.

జ్యోతిర్మయి గొంతు తగ్గించింది. “అందరి ముందూ అల్లరెందుకు పిన్నీ? దేవుడు కొలతలేసి తీసుకుంటాడేటి? ఉన్నదేదో ఇచ్చీండి. బాబాయి గుండ్రాయిలాగున్నారు కదా, ఇంకేటి కావాల?”

కనకమహాలక్ష్మి పెదాలు కదిలాయి. ఏదో అనబోయి మింగేసింది. చెంగు కప్పుకుని బయటికి వచ్చేసింది. ఇంటికెళ్ళాక మాత్రం ఆగలేదు. “నా చేతి అన్నం తిన్న పిల్ల నన్నిలాగ చేస్తాదా?” అని సూర్యం దగ్గర వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏప్రిల్‌లో కొండెక్కారు. మంగలి పని రెండు నిమిషాల్లో అయిపోయింది. రాలిన జుట్టు గుప్పెడు కూడా లేదు. అప్పన్నకి ఇంతేనా ఇచ్చేది అని ఆవిడ సిగ్గుతో కుమిలిపోయింది. తన ప్రాణం కోసం ఇంత అవస్థ పడిందని సూర్యం పక్కనే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

గుళ్ళో పూజారి పళ్ళెం అందుకున్నాడు. “ఎవరి కోసం మొక్కుకున్నారమ్మా? గోత్రం, పేరు చెప్పండి.”

సూర్యం గొంతు సవరించుకుని తన గోత్రం చెప్పబోయాడు. కనకమహాలక్ష్మి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

“గోత్రం తెల్దు బాబూ, పేరు మైత్రి, మా పార్లర్ జ్యోతిర్మయి కూతురు.”