దుకాణం ముందు అడుగులు

వాగు ఒడ్డున ఉడుతమ్మ నేరేడుపళ్ల దుకాణం పెట్టి మూడు రోజులైనా బోణీ కాలేదు. అది చూసి గోరింక వచ్చి వాలింది.

"జనాన్ని నేను రప్పిస్తా వదినా. ఇసుకలో పడ్డ ప్రతి వంద అడుగులకీ గుప్పెడు పళ్లిస్తే చాలు."

మర్నాటికల్లా దుకాణం ముందు ఇసుకంతా చిన్నచిన్న అడుగులే! ఉడుతమ్మ మురిసిపోయి బుట్టెడు పళ్లు గోరింక చేతిలో పెట్టింది. ఒక్క పండూ అమ్ముడుపోలేదు గానీ, ఆ అడుగులు చెరిగిపోకుండా చుట్టూ పుల్లలతో కంచె కట్టింది.

అంతలో కుందేలు పళ్లు కొనుక్కుందామని వచ్చింది.

"ఆగాగు, తొక్కకు! నా దుకాణానికి ఎంతమంది వచ్చారో నలుగురూ చూడొద్దూ?" అని కసిరింది ఉడుతమ్మ. కుందేలు వచ్చిన దారినే వెళ్లిపోయింది.

సాయంత్రం కంచె లోపల ఒక జెర్రి అటూ ఇటూ నడుస్తూ కనిపించింది.

"రా తల్లీ, పళ్లు కావాలా?"

"అబ్బే, నేను పళ్లు ముట్టనమ్మా. గోరింక నడవమంది, నిన్నట్నించీ నడుస్తున్నా. కాళ్లు పీకేస్తున్నాయి, అన్నీనూ!"

ఉడుతమ్మ వంగి ఇసుక కేసి చూసింది. కంచె దాకా వచ్చి వెనక్కి తిరిగిన కుందేలు అడుగులు అప్పుడు కనిపించాయి.

వాటికి మాత్రం గోరింక ఒక్క పండూ అడగలేదు.