గళ్ల సీటు

"గిసొంటి కార్లు మన దేశంల రెండు వందలే అమ్మిండ్రు. సామాన్లన్నీ కంపెనీవే ఉంటెనే నేను చెప్పిన రేటు. ఒక్కటి మార్చినా నాకొద్దు" అంటూ కొనడానికి జగిత్యాల నుంచి వచ్చిన శ్యాంసుందర్ ఆ చిన్న ఎర్ర కారు చుట్టూ మూడోసారి తిరిగాడు.

"ఏదీ మార్చలే అన్నా" అన్నాడు హరీశ్.

తన మరమగ్గాలు బాగా నడిచిన రోజుల్లో ముచ్చటపడి కొన్న కారు. ఇప్పుడు రెండింతల ధర పలుకుతోంది. రేపు ఆ డబ్బు కడితేనే అతని ఏడేళ్ల బిడ్డకు గుండె ఆపరేషన్.

కానీ డ్రైవర్ సీటు గుడ్డను ఎలుకలు కొరికేశాయి. హరీశ్ తండ్రి దశరథం నెల రోజులు చేతిమగ్గం మీద కూర్చుని, అచ్చం అవే గళ్లతో కొత్త గుడ్డ నేసి తొడిగించాడు.

శ్యాంసుందర్ పక్క సీటును తడిమి, మళ్లీ డ్రైవర్ సీటును తడిమాడు.

"ఇది జర మెత్తగున్నది" అంటూ పక్కనే నిలబడ్డ దశరథం వైపు తిరిగాడు. "కాకా, నువ్వు నేతోనివి గదా, నీ మాట మీద పైసలిస్త. గిది చేత్తోని నేసిందా, మిషన్‌దా?"

హరీశ్ తండ్రి వైపు చూశాడు. చేతికి మిషన్ సాటిరాదని కొడుకుతో ఇరవై ఏళ్లు కొట్లాడిన మనిషి దశరథం.

ఆయన వంగి, తాను నేసిన గళ్లను బొటనవేలితో నిమిరాడు.

"మిషన్‌దే సారూ. గింత సాఫ్‌గ నేసుడు చేతులతోని అయితదా?"

శ్యాంసుందర్ నవ్వి ఫోన్ తీశాడు. "గదీ మాట! చేతి పని ఎన్నడో ఖతమైంది కాకా."

"ఖతమే సారూ. జర జల్ది పైసలు పంపుర్రి" అన్నాడు దశరథం, కొడుకు వైపు చూడకుండా.